తాళంచెవి ఇచ్చినవారి పూచీ

2010 జూలైలో ఒకాయన సుఖవ్యాధికి వైద్యం కోసం న్యూయార్క్ రాష్ట్రం కార్నింగ్ పట్టణంలోని గత్రీ క్లినిక్కుకు వెళ్లాడు. అక్కడ పనిచేసే నర్సు ఆయన్ని చూడగానే పోల్చుకుంది. తన సిస్టర్ ఇన్ లా స్నేహం చేస్తున్న మనిషి. (ఆ ఒక్క ఇంగ్లిషు చుట్టరికానికి మనకు వదిన, మరదలు, ఆడపడుచు, తోడికోడలు అని నాలుగు మాటలున్నాయి. ఏదైతేనేం, కబురు మోయడానికి చాలినంత దగ్గరే.) నర్సు ఆయన రికార్డు తెరిచింది, జబ్బేమిటో చూసింది, ఆయన ఇంకా క్లినిక్కులో ఉండగానే ఆ చుట్టానికి వరసబెట్టి మెసేజీలు పంపింది. ఆయన ఫిర్యాదు చేశాడు, క్లినిక్కు నర్సును ఉద్యోగంలోంచి తీసేసింది. అక్కడితో అయిపోయిందని క్లినిక్కు అనుకుంది. ఆయన అనుకోలేదు. క్లినిక్కు మీద దావా వేశాడు.

ఆ దావా ఫెడరల్ కోర్టుల్లో తిరిగి తిరిగి 2014 జనవరికి న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానం ముందు ఒకే ఒక్క ప్రశ్నగా నిలబడింది. ఉద్యోగి తన సొంత యావ కొద్దీ రోగి గుట్టు రట్టు చేస్తే ఆ తప్పు ఆసుపత్రి ఖాతాలో పడుతుందా? పడదంది కోర్టు. నర్సు చేసింది క్లినిక్కు పనీ కాదు, క్లినిక్కు మేలు కోరీ కాదు. ఇలాంటివాటికి కూడా యాజమాన్యాన్ని పట్టుకుంటే ఎంత ఒళ్లు దగ్గర పెట్టుకున్న ఆసుపత్రికైనా తప్పించుకునే దారి ఉండదు అన్నది ఎక్కువమంది జడ్జీల మాట. జస్టిస్ రివెరా ఒప్పుకోలేదు. రోగి తన జబ్బు నమ్మి చెప్పుకున్నది క్లినిక్కుకు. కాపాడవలసిన పూచీ కూడా నేరుగా క్లినిక్కుదే అన్నది ఆమె భిన్నాభిప్రాయం సారం.

అదే ఏడాది నవంబరులో ఇండియానా రాష్ట్రం అప్పీలు కోర్టు సరిగ్గా దీనికి ఎదురు తీర్పు చెప్పింది. అక్కడ వాల్‌గ్రీన్స్ మందుల దుకాణంలో పనిచేసే ఫార్మసిస్టు, తన భర్తకు ఒకప్పుడు దగ్గరగా ఉన్న స్త్రీ ఏ మందులు వాడుతోందో కంప్యూటరులో చూసింది. తర్వాత ఆ వివరాలు భర్త చేతికి, ఆయన మెసేజీల్లోకి వెళ్లాయి. 2013లో జ్యూరీ మొత్తం నష్టం 18 లక్షల డాలర్లని లెక్కగట్టి, అందులో 14.4 లక్షలు కంపెనీ, ఫార్మసిస్టు కలిసి చెల్లించాలంది. అప్పీలు కోర్టు ఆ తీర్పును కదపలేదు. ఆమె కూర్చున్నది కంపెనీ కౌంటరులో, వాడింది కంపెనీ కంప్యూటరు, చేసింది రోజూ చేసే పనే, అంటే మందుల చీటీ తెరిచి చూడడం. మనసులో ఉద్దేశం మారినంత మాత్రాన చేతి పని ఉద్యోగం పరిధి దాటిపోయిందని ముందే తేల్చేయలేం, అది జ్యూరీ తేల్చాల్సిన సంగతి అంది.

ఇంకొంచెం వెనక్కి, 2007లో ఇల్లినాయిస్. రక్తం తీసే ఉద్యోగిని ఒకామె బారులో కూర్చుని, ఒక రోగి గర్భవతి అన్న సంగతి ఆ రోగి సోదరికే నోరుజారి చెప్పింది. ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆసుపత్రిని వదిలేసింది. గోప్యత మీద శిక్షణ ఇచ్చాం, నోరు విప్పనని సంతకం పెట్టించుకున్నాం అని ఆసుపత్రి చూపించిన కాగితాలు అక్కడ బాగా పనికొచ్చాయి. చేరిన రోజున ఉద్యోగి పెట్టే సంతకాల కట్టలో అదొకటి. ఏ కాగితం మీద పెడుతున్నారో చదివేవాళ్లు ఎంతమందో ఆ కట్ట మీద సంతకాలు పెట్టినవాళ్లందరికీ తెలుసు.

మూడు కోర్టులూ అడిగిన ప్రశ్న ఒక్కటే: ఆ ఉద్యోగి ఆ క్షణంలో ఎవరి పని మీద ఉంది, యజమాని పని మీదా, తన పని మీదా? రికార్డుల విషయంలో ఇది తప్పు ప్రశ్న అని నా నమ్మకం. అడగవలసినవి వేరే రెండున్నాయి: తాళంచెవి ఆమె చేతికి ఎవరిచ్చారు, ఇచ్చాక ఎవరు ఎప్పుడు తెరిచారో రాసిపెట్టుకున్నారా లేదా.

ఆ పాత ప్రశ్న గుర్రబ్బండ్ల కాలంలో పుట్టింది. 1834 నాటి ఇంగ్లండు కేసు అది. బండి తోలే పనివాడు ఒక మనిషిని గుద్దాడు. యజమాని పని మీద పోతూ బండి కాస్త పక్కదారి పట్టిస్తే యజమానిదే పూచీ, పనివాడు తన సొంత షికారు మీద పోతే మాత్రం కాదు అన్నాడు పార్క్ అనే జడ్జి. పరోక్ష బాధ్యత అని మనం చదువుకునే సిద్ధాంతానికి దాదాపు రెండు వందల ఏళ్లుగా ఆ బండే నడక నేర్పుతోంది. బండికి అది బాగానే సరిపోతుంది. రోడ్డు మీద ఎవరు ఎదురొస్తారో యజమానికి తెలియదు, గాయపడ్డవాడు యజమానిని నమ్మి ఏదీ అప్పగించలేదు. రోగి సంగతి అలా కాదు. బట్టలు విప్పినట్టు తన ఒంటి సంగతి మొత్తం విప్పి ఆసుపత్రి చేతిలో పెట్టాడు.

నమ్మి అప్పగించిన వస్తువు సంగతి ఇంగ్లిషు చట్టానికి కొత్తేమీ కాదు. 1912 నాటి కేసులో ఒక వితంతువు తన ఆస్తి సంగతి మాట్లాడుకోవడానికి వకీళ్ల ఆఫీసుకు వెళ్తే, అక్కడి గుమాస్తా ఆమె చేత సంతకాలు పెట్టించి ఆస్తిని తన పేర రాయించుకున్నాడు. పూర్తిగా సొంత లాభానికే. అయినా హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ వకీళ్ల సంస్థే బాధ్యత వహించాలంది. గుమాస్తాను ఆ కుర్చీలో కూర్చోబెట్టి ఆమెను అతని దగ్గరకు పంపింది సంస్థే కదా అన్నది దాని వెనకున్న తర్కం. 1965లో ఇంకొక కేసు. ఒకావిడ బొచ్చు శాలువా శుభ్రం చేయడానికిస్తే, ఆ పని చేయవలసినవాడే దాన్ని ఎత్తుకుపోయాడు. దొంగతనం ఏ యజమాని పనీ కాదు. అయినా యాజమాన్యం కట్టాలంది కోర్టు. అయితే ఒక గీత గీసింది. శాలువా ఎవరి చేతికి పని నిమిత్తం అప్పజెప్పారో వాడు ఎత్తుకుపోతేనే ఈ పూచీ. దాంతో ఏ సంబంధమూ లేని ఇంకో పనివాడు ఎత్తుకుపోతే లెక్క వేరు.

ఆ గీతను ఆసుపత్రి కంప్యూటరు చెరిపేసింది. కాగితం రోజుల్లో కేసు షీటు ఒక వార్డులో, ఒక మేకుకు వేలాడేది. దాన్ని చూడాలంటే ఆ వార్డుకు పోవాలి, అక్కడి సిస్టరు కంటపడాలి. ఇప్పుడు చెవుల డాక్టరు దగ్గర పనిచేసే గుమాస్తా తన కుర్చీలోంచి లేవకుండా ప్రసూతి వార్డు రికార్డు తెరవగలడు. వందల మందికి ఒకే శాలువా ఒకేసారి అప్పజెప్పినట్టు. అప్పగించనివాడంటూ ఎవడూ లేనప్పుడు ‘వాడికి మేం అప్పగించలేదు’ అనే వాదనకు చోటెక్కడ? పైగా శాలువా పోతే పోయినట్టు కనిపిస్తుంది. రికార్డు చూస్తే చూసినట్టు ఎక్కడా కనిపించదు, ఎవరైనా రాసిపెట్టుకుంటే తప్ప.

ఈ చివరి ముక్క ఎంత పెద్దదో చెప్పడానికి నాకు తెలిసినంతలో ఫిన్లండు కేసును మించింది లేదు. అక్కడ ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో కంటి విభాగంలో నర్సుగా 1989 నుంచి తాత్కాలిక ఒప్పందాల మీద పనిచేసిన ఒకావిడకు హెచ్ఐవి ఉంది. అదే ఆసుపత్రిలోని అంటువ్యాధుల విభాగంలో వైద్యం చేయించుకునేది. 1992 మొదట్లో ఆమెకు అనుమానం వచ్చింది: తోటివాళ్లకు తెలిసిపోయింది. అప్పట్లో ఆసుపత్రి సిబ్బంది ఎవరైనా రోగుల రిజిస్టరు చూడవచ్చు. ఆమె అడిగాక కట్టడి చేశారు, రిజిస్టరులో ఆమె పేరు మార్చారు. తర్వాత ఆమె ఒప్పందాన్ని పొడిగించలేదు. నా రికార్డును ఎవరెవరు చూశారో చెప్పండి అని ఆమె అడిగితే, చెప్పలేమన్నారు. ఆ వ్యవస్థలో చివరి ఐదు సంప్రదింపులే నమోదై ఉంటాయి, అవి కూడా ఏ విభాగం చూసిందో చెబుతాయిగానీ ఏ మనిషి చూశాడో చెప్పవు, ఫైలు రికార్డు రూముకు తిరిగి చేరగానే అవి కూడా చెరిగిపోతాయి.

ఆమె ఫిన్లండు కోర్టుల్లో ఓడిపోయింది. ఎవరు చూశారో రుజువు చేయలేకపోయింది కాబట్టి. 2008 జూలైలో స్ట్రాస్‌బర్గ్‌లోని యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం ఆ తర్కాన్ని తలకిందులు చేసింది. రుజువు లేకుండా పోయింది ఎవరివల్ల? రాసిపెట్టుకోవలసిన ఆసుపత్రి రాసిపెట్టుకోనందువల్లే. ఆ లోపాన్ని బాధితురాలి నెత్తిన రుద్దడం ఏమిటి? చూశారని తేలకపోయినా సరే, చూడకుండా ఆపే ఏర్పాటు, చూస్తే పట్టుకునే ఏర్పాటు లేకపోవడమే ఆమె ఆంతరంగిక జీవన హక్కుకు భంగమని తేల్చింది. నష్టపరిహారంగా దాదాపు 13,800 యూరోలు, ఖర్చులకు 20,000 యూరోలు ఇప్పించింది. వకీళ్ల ఖర్చు నష్టం కంటే ఎక్కువ అవడం ఈ తరహా కేసుల్లో మామూలే.

ఈ తీర్పులో ‘ఉద్యోగి ఎవరి పని మీద ఉన్నాడు’ అన్న ప్రశ్న తలెత్తనే లేదు. దాని అవసరం రాలేదు. తప్పు ఉద్యోగిది, పూచీ యజమానిది అని తిప్పి తిప్పి చెప్పే పరోక్ష బాధ్యత కాదిది. ఆసుపత్రి తన సొంత తప్పుకు తానే జవాబు చెప్పడం. న్యూయార్క్ కోర్టు కూడా ఈ తలుపు మూయలేదన్నది చాలామంది మరిచిపోయే సంగతి. సరిగ్గా చూసి ఉద్యోగంలో పెట్టుకోకపోయినా, శిక్షణ ఇవ్వకపోయినా, గుట్టు కాపాడే పద్ధతులు పెట్టకపోయినా ఆసుపత్రి మీద నేరుగా దావా వేయవచ్చని ఆ తీర్పే చెబుతుంది. తలుపు తీసే ఉంది, నిజమే. లోపలికి పోవాలంటే రోగి ఆసుపత్రి లోపలి పద్ధతులేమిటో రుజువు చేయాలి, ఆ కాగితాలన్నీ ఆసుపత్రి బీరువాలో ఉంటాయి.

కోర్టులు ఇలా తర్జనభర్జన పడుతుండగా ప్రభుత్వాల నియంత్రణ సంస్థలు తమ దారిన తాము పోయాయి. అమెరికాలో రోగుల రికార్డులకు 1996 నాటి హిపా చట్టం ఉంది. కాలిఫోర్నియాలోని యూసీఎల్ఏ ఆసుపత్రుల సిబ్బంది ప్రముఖుల రికార్డులు వేడుకగా తెరిచి చూశారన్న వ్యవహారంలో ఆ సంస్థ 2011లో 8,65,500 డాలర్లు చెల్లించి రాజీ చేసుకుంది. అక్కడే ఒక పరిశోధకుడు ఉద్యోగం పోతోందని తెలిశాక తోటివాళ్ల, తారల రికార్డులు తెరిచి, 2010లో నాలుగు నెలల జైలుశిక్ష తెచ్చుకున్నాడు. వాషింగ్టన్ రాష్ట్రంలో యాకిమా అనే ఊరి ఆసుపత్రిలో రికార్డులు తెరిచినవాళ్లు డాక్టర్లు, నర్సులు కూడా కాదు, 23 మంది సెక్యూరిటీ గార్డులు. గేటు కాసేవాడికి కేసు షీటు తెరిచే లాగిన్ ఎందుకు ఇచ్చారో? 2023లో ఆ ఆసుపత్రి 2,40,000 డాలర్లు కట్టింది. ఫ్లోరిడాలో ఇంకో ఆసుపత్రుల సంస్థ సంగతి మరీ విడ్డూరం. అనుబంధ డాక్టరు ఆఫీసులో పని మానేసిన ఉద్యోగి పేరున్న లాగిన్‌తో 2011 ఏప్రిల్ నుంచి ఏడాది పాటు రోజూ ఎవరో రికార్డులు తెరుస్తూనే ఉన్నారు. ఎవరూ గమనించలేదు. 2017లో 55 లక్షల డాలర్లు.

ఈ డబ్బు రోగికి చేరదు. హిపా కింద రోగి తనంత తాను దావా వేయలేడు. అతను రాష్ట్రాల పాత చట్టాలను పట్టుకుని కోర్టుకెళ్లాలి, అక్కడ మళ్లీ ఆ గుర్రబ్బండే ఎదురొస్తుంది.

యూరప్‌లో జరిమానాల తీరు కాస్త వేరు. అక్కడ ఎవరు చూశారన్నదాని కంటే ఎలా చూడగలిగారన్నదాని మీద గురి. 2018లో పోర్చుగల్‌లో బరైరో అనే చోటి ఆసుపత్రి మీద 4,00,000 యూరోలు వేశారు. తనిఖీలో బయటపడిన లెక్క ఇది: ఆసుపత్రిలో ఉన్న డాక్టర్లు 296 మంది, కంప్యూటరులో డాక్టరు హోదాతో తిరుగుతున్న లాగిన్లు 985. నెదర్లాండ్స్‌లో హేగ్ నగరపు హాగా ఆసుపత్రిలో ఒక టీవీ తార రికార్డును పదుల సంఖ్యలో సిబ్బంది పని లేకుండానే చూశారు. 2019లో 4,60,000 యూరోల జరిమానా పడింది, తర్వాత కోర్టు కొంత తగ్గించింది. ఎవరెవరు తెరుస్తున్నారో క్రమం తప్పకుండా చూసుకోలేదు, పాస్‌వర్డుకు తోడు రెండో తాళం పెట్టలేదు అన్నవి అక్కడ ఆసుపత్రి తప్పులు.

యజమానుల పక్షాన చెప్పగలిగిన గట్టి వాదన ఒకటుంది, అది బ్రిటన్‌లో మారిసన్స్ సూపర్‌మార్కెట్ల కేసులో బయటికొచ్చింది. ఆసుపత్రి కాకపోయినా ఈ చర్చలో దాన్ని దాటిపోలేం. కంపెనీ మీద కక్ష పెంచుకున్న ఆడిటరు ఒకడు 2014లో దాదాపు లక్షమంది ఉద్యోగుల జీతాల వివరాలు ఇంటర్నెట్‌లో పెట్టాడు. అతనికి ఎనిమిదేళ్ల శిక్ష పడింది. ఆ ఉద్యోగుల్లో వేలమంది కంపెనీ మీద పరిహారం దావా వేశారు. అతని లక్ష్యమే కంపెనీని దెబ్బతీయడం. పరిహారం కట్టమని కోర్టు చెబితే అతని పగను కోర్టే పూర్తిచేసినట్టు కదా? మొదట కంపెనీకి వ్యతిరేకంగా తీర్పు చెప్పిన జడ్జిని కూడా ఈ మాట ఇబ్బంది పెట్టింది. 2020 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు కంపెనీని విడిచిపెట్టింది: సొంత పగతో చేసినది ఉద్యోగంలో భాగం కాదు. అయితే డేటా చట్టం ఉన్నంత మాత్రాన పరోక్ష బాధ్యత మాయమైపోదని కూడా అదే తీర్పులో రాసింది. (1834 కేసులో యజమాని పేరు కూడా మారిసనే. ఈ సిద్ధాంతానికీ ఆ ఇంటిపేరుకూ ఏదో రుణానుబంధం.)

పగ వాదం ఆడిటరు విషయంలో బలమైనదే. నర్సు మెసేజీకి, ఫార్మసిస్టు కుతూహలానికి అది అతకదు. వాళ్లకు యజమాని మీద పగేమీ లేదు. ఆసుపత్రి రికార్డులు తెరిచి చూసేవాళ్లలో పగవాళ్లు తక్కువ. మాజీ భర్తలు, కాబోయే వియ్యంకులు, పొరుగింటివాళ్లు, అభిమానులు ఎక్కువ. ఇది ఎక్కడ మనుషులు కలిసి పనిచేస్తే అక్కడ జరగబోయేదే. ముందే ఊహించగలిగిన ముప్పు. ముప్పు తెచ్చిపెట్టే వ్యాపారం నడిపేవాడే దాని ఖర్చు భరించాలని కెనడా కోర్టులు 1999 నుంచి అంటున్నాయి. ఆ దారినే బ్రిటిష్ కొలంబియా అప్పీలు కోర్టు 2023లో ప్రభుత్వ వాహన బీమా సంస్థను బాధ్యురాలిని చేసింది. అక్కడ ఒక ఉద్యోగిని కార్ల నంబర్లను బట్టి యజమానుల చిరునామాలు తీసి అమ్ముకుంటే, ఆ ఇళ్లలో కొన్నింటి మీద కాల్పులు, నిప్పు పెట్టడాలు జరిగాయి. అదే దేశంలో ఒంటారియోలో రూజ్ వ్యాలీ ఆసుపత్రి ఉద్యోగులు బాలింతల ఫోను నంబర్లు పిల్లల చదువుల పొదుపు పథకాలు అమ్మేవాళ్లకు అమ్ముకున్నారు. ఆ కేసును తల్లులందరి తరఫున ఉమ్మడిగా నడపడానికి కోర్టు ఒప్పుకోలేదు. పేరూ, నంబరూ, బిడ్డ పుట్టిందన్న వార్తా అంత పెద్ద రహస్యాలా అంది. కాన్పయి వారం తిరక్కుండా డైపర్లవాళ్లు, బీమావాళ్లు పేరు పెట్టి పిలుస్తూ ఫోను చేస్తే ఎలా ఉంటుందో జడ్జిగారికి అనుభవం లేనట్టుంది.

యూరప్ సమాఖ్య న్యాయస్థానం 2024 ఏప్రిల్‌లో జర్మనీ నుంచి వచ్చిన ఒక కేసులో ఇదే చర్చకు ఒక వాక్యంతో అడ్డుకట్ట వేసింది. మా ఆదేశాలను మా ఉద్యోగి పాటించలేదు అని చెప్పినంత మాత్రాన సంస్థ బయటపడలేదు. తమ బాధ్యతలో లోపానికీ జరిగిన నష్టానికీ సంబంధం లేదని సంస్థే రుజువు చేసుకోవాలి. ఇల్లినాయిస్ ఆసుపత్రి సంతకాల కాగితం ఇక్కడ చెల్లదన్నమాట.

మన దగ్గరికి వద్దాం. భారతదేశంలో ఈ గుర్రబ్బండి సిద్ధాంతం పాతుకుపోయిన తీరు 1978 స్టేట్ బ్యాంకు కేసులో కనిపిస్తుంది. బ్యాంకు ఉద్యోగి తమ కుటుంబ స్నేహితుడని నమ్మి డబ్బు, పాసుపుస్తకం అతని చేతికిస్తే అతను కాజేశాడు. స్నేహితుడిగా తీసుకున్నాడు, ఉద్యోగిగా కాదు అంటూ సుప్రీంకోర్టు బ్యాంకును వదిలేసింది. ప్రభుత్వం సంగతి ఇంకా కఠినం. 1947లో మీరట్ పోలీసులు ఒక వ్యాపారి దగ్గర జప్తు చేసి మాల్‌ఖానాలో పెట్టిన బంగారంతో హెడ్ కానిస్టేబులు పాకిస్తాన్ పారిపోయాడు. అది సార్వభౌమ విధి కాబట్టి ప్రభుత్వం కట్టక్కర్లేదని 1964లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కవచానికి బాగా బొక్క పెట్టింది మన ఎరువుల వ్యాపారి ఒకరు. జప్తు చేసిన సరుకు పాడైపోతే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మీద దావా వేసి 1994లో గెలిచారు. సర్కారు ఆసుపత్రి నడపడాన్ని ఇప్పుడు ఎవరూ సార్వభౌమ విధి అనలేరు.

ప్రైవేటు ఆసుపత్రుల విషయంలో రోగికి ఉపయోగపడే తీర్పులు వైద్య నిర్లక్ష్యం కేసుల్లో ఉన్నాయి. ఢిల్లీ నేషనల్ హార్ట్ ఇన్‌స్టిట్యూట్ కేసులో 2004లో సుప్రీంకోర్టు ఏమందంటే, ఏ డాక్టరు తప్పు చేశాడో రోగి తరఫువాళ్లు వెతికి పట్టుకురానక్కర్లేదు. తాము తీసుకున్న జాగ్రత్తలేమిటో ఆసుపత్రే చూపించాలి. ఇది ఫిన్లండు తీర్పుకు దగ్గర చుట్టం. దీన్ని రికార్డుల కేసులకు వాడుకోవచ్చని నేను అనుకుంటున్నాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కూడా ఒక మంచి పని చేసింది. వినియోగదారు నమ్మి చెప్పిన వ్యక్తిగత వివరాన్ని చట్టం ఒప్పుకోని విధంగా వేరేవాళ్లకు చెప్పడాన్ని అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. ఆరోగ్యశ్రీ కార్డు మీద చేరిన రోగి కూడా వినియోగదారుడేనని వాదించవచ్చు, ఎందుకంటే ఫీజు బీమా సంస్థ కట్టినా అది సేవేనని 1995 తీర్పులోనే ఉంది. అందరికీ ఉచితంగా చూసే సర్కారు ఆసుపత్రి మాత్రం ఆ తీర్పు ప్రకారమే ఈ చట్టానికి బయట.

ఇక కొత్త చట్టం, 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం. యజమాని పూచీ గురించి ఇది బాగానే మాట్లాడుతుంది. డేటా ఎవరి చేతిలో ఉందో వాళ్లదే పూచీ, ఏజెన్సీతో ఏం ఒప్పందం రాసుకున్నా సరే. రిసెప్షన్‌లో కూర్చున్న అమ్మాయి ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ మనిషి, మాకు సంబంధం లేదు అనే పాత పాట ఈ చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చాక చెల్లదు. అనుమతి లేకుండా తెరిచి చూడడం కూడా డేటా ఉల్లంఘనే, రోగికి కబురు చేయాల్సిందే. జాగ్రత్తలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా.

ఆ 250 కోట్లలో రోగికి రూపాయి రాదు. జరిమానా మొత్తం భారత సంచిత నిధికి జమ. ఐటీ చట్టంలో 43ఎ సెక్షను ఉంది, కంపెనీల నిర్లక్ష్యం వల్ల నష్టపోయిన మనిషికి పరిహారం ఇప్పించేది అదే. సర్కారు ఆసుపత్రికి అది కూడా వర్తించదు, ఆ మాట అటుంచండి. కొత్త చట్టం పూర్తిగా అమల్లోకి రాగానే ఆ సెక్షను రద్దవుతుంది. డేటా బోర్డు చూడవలసిన వ్యవహారాల్లో సివిల్ కోర్టులు జోక్యం చేసుకోకూడదని ఇంకో సెక్షను. అమెరికా హిపా చట్టంలో ఏ లోపం ఉందో, అదే లోపాన్ని దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత మనం ఏరికోరి తెచ్చుకున్నాం. ఇంకొకటి, ఈ చట్టం డిజిటల్ డేటాకే. ఓపీ చీటీ, వార్డు రిజిస్టరు, బెంచీ మీద పడి ఉండే కేసు షీటు దీని కంటికి ఆనవు. వాటికి మిగిలింది డాక్టర్ల నీతి నియమావళి, హెచ్ఐవి రోగులకైతే 2017 నాటి ప్రత్యేక చట్టం. ఆ చట్టం సంస్థల మీద డేటా రక్షణ బాధ్యత సూటిగానే పెట్టింది, అంతవరకు మెచ్చుకోవాలి.

హైదరాబాదులో మెడికల్ కోడింగ్ ఆఫీసులున్నాయి. అమెరికా రోగుల చార్టులు ఇక్కడి పిల్లలు చదివి, జబ్బుకూ చికిత్సకూ కోడు నంబర్లు వేస్తారు. ఆ హాల్లోకి ఫోను తీసుకెళ్లనివ్వరు, కాగితం కలం కూడా పనికిరావు, ఎవరు ఏ చార్టు ఎన్ని నిమిషాలు తెరిచారో లెక్క ఉంటుంది. 2013 తర్వాత హిపా పూచీ ఇలాంటి కాంట్రాక్టు సంస్థల మీద కూడా నేరుగా పడడం దీనికి కారణం. ఆ పిల్లల్లో ఒకడు సాయంత్రం తల్లిని చూపించడానికి ఊళ్లో ఆసుపత్రికి వెళ్తే, అక్కడ బిల్లింగ్ కౌంటరు మానిటరుకు పాస్‌వర్డు చీటీ అతికించి ఉంటుంది. నేను కళ్లారా చూశాను ఒక చోట. మూడు షిఫ్టుల వాళ్లకూ అదే లాగిన్. అమెరికా రోగి గుట్టు కాపాడే విద్య మన వాళ్లకు రాక కాదు, అక్కడ తప్పితే కాంట్రాక్టు పోతుంది.

సిబ్బంది వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. లాగిన్ అందరికీ ఒకటే అయినప్పుడు, గుట్టు బయటపడ్డ రోజున పట్టుబడేది నిజంగా చూసినవాళ్లు కాదు, నోరులేనివాళ్లు. ఎక్కువగా కాంట్రాక్టు డేటా ఎంట్రీ ఆపరేటరు. ఎవరు తెరిచారో రాసుకునే ఏర్పాటు రోగికి ఎంత రక్షణో, తప్పు చేయని నర్సుకు అంతే రక్షణ. యాజమాన్యాలు దాన్ని నిఘా అని, ఖర్చు అని, అత్యవసరంలో అడ్డం అని వద్దంటాయి. అత్యవసరంలో ఎవరినీ ఆపనక్కర్లేదు. తెరవనిచ్చి, ఎందుకు తెరిచారో మర్నాడు ఒక మాట అడిగితే చాలు. చిన్న నర్సింగ్ హోములకు భారమన్నది మాత్రం నిజమైన ఇబ్బందే. పది పడకల ఆసుపత్రిని కార్పొరేటు ఆసుపత్రితో ఒకే గాటన కట్టి కొలవలేం. అయినా పది పడకల చోట కూడా మనిషికొక లాగిన్ ఇవ్వడానికి పెట్టుబడేమీ అక్కర్లేదు.

నా రికార్డును ఎవరు చూశారో నాకు చెప్పే తీరాలా అన్న ప్రశ్న మళ్లీ ఫిన్లండు నుంచే, ఈసారి ఒక బ్యాంకు కేసుగా, యూరప్ సమాఖ్య న్యాయస్థానానికి చేరింది. ఎప్పుడు చూశారో, ఎందుకు చూశారో చెప్పాలి, ఉద్యోగుల పేర్లు మాత్రం మామూలుగా చెప్పనక్కర్లేదు అని 2023లో తేల్చింది. మన చట్టంలో అంత స్పష్టంగా ఏమీ లేదు. 2025 నవంబరులో వచ్చిన నిబంధనలు మాత్రం లాగ్ ఉంచమంటున్నాయి. ఎవరు తెరిచారో పట్టుకోవడానికి, విచారించడానికి ఆ లాగ్‌ను ఏడాది పాటు దాచాలి. ఇది 2027 మే నుంచి అమలు. డాక్టర్ల నియమావళి ప్రకారం కేసు షీటును మూడేళ్లు దాచాలి. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయడానికి రోగికి ఉన్న గడువు రెండేళ్లు.